అడవి ముక్కల్లో రాలిన ఆకు: రెండు రాష్ట్రాల అటవీ శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారులకు

విషయం: ముక్కలైన అడవుల్లో ఆకుతుక్కు చివికే తీరు, అడవి లెక్కల్లో దానికి చోటు

అడవిలో చెట్టు మీంచి నేలకు రాలే ఆకు, పుల్ల, పూత, కాయ, బెరడు పెచ్చు అన్నిటినీ కలిపి ఆకుతుక్కు అనవచ్చు. అందులో పెద్ద పాలు ఆకుదే. బ్రెజిల్‌లో మనౌస్ నగరం చుట్టుపక్కల వానడవిలో ఏటా హెక్టారుకు సుమారు 8 టన్నుల తుక్కు రాలుతుంది. అంత రాలినా నేల మీద గుట్టలు పేరుకోవు. ఏ ఏటి ఆకు ఆ ఏటికే చాలావరకు చివికి మట్టిలో కలుస్తుంది.

చెట్టు ఆకును వదిలేముందు అందులోని నత్రజని, భాస్వరాల్లో సుమారు సగాన్ని కొమ్మలోకి వెనక్కి తీసుకుంటుంది. మిగతా సగం ఆకుతోపాటే నేలకు చేరుతుంది. కాల్షియం దాదాపు మొత్తం ఆకులోనే ఉండిపోతుంది. ఉష్ణమండలంలో చాలాచోట్ల అడవి నేలలు యుగాల వానకు కడుక్కుపోయి సారం తగ్గినవే. మధ్య అమెజాన్‌లోని పసుపు బంకమట్టిలో చెట్టుకు అందే భాస్వరం అతి స్వల్పం. అందుకే అలాంటి నేలల్లో పిల్లవేర్లు పై పొరలోనే అల్లుకుని, చివుకుతున్న ఆకుల మధ్యకే పాకి, వాటి నుంచి వచ్చేదాన్ని వచ్చినట్టే అందుకుంటాయి. పొలానికి రైతు ఎరువు తోలతాడు. అడవికి తన ఆకే ఎరువు. ఆకు చివకడం మందగిస్తే ఎరువు అందడమూ మందగిస్తుంది.

చివకడం ఒక్క పని కాదు, మూడు పనుల కలయిక. నల్లమలలో మాఘ ఫాల్గుణాల్లో రాలిన ఒక టేకు ఆకును చూస్తే ఆ మూడూ కనిపిస్తాయి. వేసవి అంతా ఆ ఆకు చేటంత వెడల్పున, గరుకుగా, అప్పడంలా ఎండి పడి ఉంటుంది. అప్పుడు దానిలో జరిగేది చాలా తక్కువ. తొలకరి పడగానే ఆకు నాని, కషాయంలాంటి ఎర్రటి నీరు వదులుతుంది. చక్కెరలు, పొటాషియం, కరిగే రంగులు ఆ నీటితో దిగిపోతాయి. ఇది మొదటి పని, నీటిది. ఆ తర్వాత పురుగుల వంతు. చెదలు ఆకు మీద పలచగా మట్టి కప్పి, ఆ చాటున కొరుకుతాయి. రోకలిబండలు మెత్తని భాగం తిని ఈనెలు వదిలేస్తాయి. వానపాములు ముక్కల్ని బొరియల్లోకి లాగి మట్టితో కలిపి విసర్జిస్తాయి. శ్రావణం నాటికి చాలా ఆకులు జల్లెడలా ఈనెల వలగా మిగులుతాయి. మూడో పని శిలీంధ్రాలది, బ్యాక్టీరియాది. రెండు ఆకుల్ని విడదీస్తే వాటి మధ్య తెల్లటి దారాల్లా కనిపించేది శిలీంధ్రమే. ఈనెల్లోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విరగగొట్టే శక్తి ముఖ్యంగా వాటికే ఉంది. ఈ మూడు పనులూ వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి జరగవు, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పురుగు ముక్కలు చేసిన ఆకులో శిలీంధ్రం త్వరగా పాకుతుంది. శిలీంధ్రం మెత్తబరచిన ఆకును పురుగు ఇష్టంగా తింటుంది.

ఈ పని ఎంత వేగంగా సాగుతుందో నిర్ణయించేవీ మూడే: తేమ, వేడి కలిసిన వాతావరణం; ఆకు గుణం; నేలలో ఉండే జీవులు. ఆకు గుణమంటే ప్రధానంగా అందులో నత్రజని ఎంత, లిగ్నిన్ ఎంత అన్నదే. నత్రజని ఎక్కువున్న ఆకు త్వరగా చివుకుతుంది. లిగ్నిన్, మైనం, ఘాటు నూనెలు ఎక్కువున్న ఆకు ఆలస్యం చేస్తుంది. ఇది తెలుగు రైతుకు కొత్త సంగతి కాదు. మడిలో తొక్కిన కానుగాకు నాట్ల నాటికి మెత్తబడిపోతుందని, జామాయిలు ఆకు చెట్టు కిందే ఎండి పడి ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. కానుగ నత్రజనిని పట్టే కుటుంబానికి చెందిన చెట్టు. జామాయిలు ఆకు నూనెతో, తోలుమందంతో ఉంటుంది.

వేగాన్ని కొలిచే పద్ధతి చాలా చౌకది. ఎండబెట్టిన ఆకును, సాధారణంగా 10 గ్రాముల చొప్పున, దోమతెర లాంటి నైలాన్ వల సంచుల్లో కుట్టి అడవి నేల మీద పరుస్తారు. నెలకో, రెండు నెలలకో కొన్ని సంచులు తీసి, మట్టి దులిపి, ఆరబెట్టి తూస్తారు. కన్నాలు సన్నగా ఉన్న సంచిలోకి పెద్ద పురుగులు దూరలేవు, కన్నాలు పెద్దవైతే దూరతాయి. రెండింటినీ పక్కపక్కన పెడితే మొత్తం పనిలో పురుగుల వాటా ఎంతో తేలుతుంది. 1963లో జెర్రీ ఓల్సన్ ఈ తరుగుదలను ఒక స్థిరాంకంతో చెప్పే లెక్కను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ స్థిరాంకం 1 అయితే ఏడాది చివర 37 శాతం ఆకు మిగులుతుంది. 2 అయితే 14 శాతమే మిగులుతుంది. సంచులు లేకపోయినా ఒక మోటు లెక్క సాధ్యమే. ఏటా రాలే తుక్కు బరువును, నేల మీద నిలవున్న తుక్కు బరువుతో భాగిస్తే చాలు.

అడవి ముక్కలైనప్పుడు ఈ యంత్రాంగంలో ఏ పట్టీ తెగుతుందన్నది తర్వాతి ప్రశ్న. ముందుగా ముక్క కొలతలు చూడాలి. అడవి అంచు నుంచి లోపలికి గాలి, ఎండ, పొడితనం 100 మీటర్ల దాకా ప్రభావం చూపుతాయనుకుంటే, నలుచదరంగా ఉన్న 100 హెక్టార్ల ముక్కలో 64 హెక్టార్లు లోపలి అడవిగా మిగులుతాయి. 10 హెక్టార్ల ముక్కలో మిగిలేది 1.3 హెక్టార్లకు కాస్త ఎక్కువ. ఒక హెక్టారు ముక్కలో ఏమీ మిగలదు, అదంతా అంచే. ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం అంచుకు కిలోమీటరు లోపే ఉందని 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది.

ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ కాలంగా పరిశీలన జరుగుతున్నది మనౌస్‌కు ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో. 1979లో అమెరికన్ జీవశాస్త్రవేత్త టామస్ లవ్‌జాయ్ చొరవతో, బ్రెజిల్ జాతీయ అమెజాన్ పరిశోధన సంస్థ భాగస్వామ్యంతో ఆ ప్రయోగం మొదలైంది. అమెజాన్‌లో భూమి తీసుకున్నవారు సగం అడవిని నిలిపి ఉంచాలని అప్పటి బ్రెజిల్ చట్టం చెప్పేది. పశువుల బీళ్ళ కోసం ఎలాగూ అడవి కొట్టబోతున్న ఆసాములను ఒప్పించి, ఆ నిలిపి ఉంచే సగంలోనే 1, 10, 100 హెక్టార్ల ముక్కలు కొలిచి వదిలేలా చేశారు. అలా మొత్తం 11 ముక్కలు ఏర్పడ్డాయి: ఒక హెక్టారువి 5, పది హెక్టార్లవి 4, వంద హెక్టార్లవి 2. కొట్టకముందు అక్కడ ఏముందో, కొట్టాక ఏమైందో రెండూ నమోదు కావడం ఈ ప్రయోగం ప్రత్యేకత.

అక్కడ మొదట కనిపించింది చెట్ల చావు. అంచున గాలి తాకిడికి పెద్ద మానులు విరిగాయి, నిలువునా ఎండాయి. ఈ దెబ్బ 300 మీటర్ల లోపలి దాకా కనిపించింది. అంచుల్లో తుక్కు రాలడం లోపలికంటే కొంత పెరిగింది. నేల జీవులూ మారాయి. 1989లో బెర్ట్ క్లైన్ పేడపురుగుల మీద చేసిన పరిశీలనలో, చిన్న ముక్కల్లో వాటి రకాలు తగ్గాయి, ఉన్నవి చిన్నవయ్యాయి, పేడ కరగడం మందగించింది. ఆ ముక్కలకూ పెద్ద అడవికీ మధ్య ఖాళీ 350 మీటర్ల లోపే. చెదల్లో మట్టి తినే రకాలు ముక్కల్లో తగ్గాయని 1994 నాటి మరో పరిశీలన చూపింది. ముక్కల్లో ఆకు చివికే వేగం అస్తవ్యస్తమైందని 1998లో రాఫెల్ డిడమ్ రాశాడు.

ఇంతవరకు చూస్తే ముక్కలో పురుగులు తగ్గుతాయి, తేమ తగ్గుతుంది, కాబట్టి ఆకు చివకదు అని సులువుగా తేల్చేయాలనిపిస్తుంది. 2005లో హెరాల్డో వాస్కాన్సెలోస్, విలియం లారెన్స్ ప్రచురించిన ప్రయోగం ఆ తీర్పును సరిదిద్దింది. వాళ్ళు రెండు రకాల ఆకు తీసుకున్నారు. ఒకటి పాత అడవి చెట్లది, రెండోది కొట్టేసిన చోట కొత్తగా మొలిచిన చెట్లది. వాటిని లోపలి అడవిలో, అంచుల్లో, పదేళ్ళు దాటిన కొత్త అడవిలో పరిచారు. పెద్ద పురుగుల్ని కొన్నిచోట్ల రానిచ్చారు, కొన్నిచోట్ల రానివ్వలేదు. పురుగుల్ని ఆపిన ప్రతిచోటా వేగం తగ్గింది. అయితే ఒకే ఆకు అంచులో ఉన్నా, లోపల ఉన్నా ఒకే వేగంతో చివికింది. పొడితనం దాన్ని ఆపలేదు, పురుగుల్లో వచ్చిన మార్పులూ వేగాన్ని మార్చినట్టు కనబడలేదు. తేడా ఆకులోనే ఉంది. కొత్తగా మొలిచిన చెట్ల ఆకులో నత్రజని తక్కువ, నత్రజనితో పోలిస్తే లిగ్నిన్ ఎక్కువ. అది ఎక్కడ పరిచినా ఆలస్యంగానే చివికింది.

అంటే ముక్కలవడం వల్ల చివకడానికి తగిలే దెబ్బ ప్రధానంగా చెట్ల మార్పు దారినే వస్తుంది. అంచున పెద్ద మాను పోయి, దాని చోట వేరే జాతి వస్తే, ఆ నేల మీద పడే ఆకే మారిపోతుంది. ఏ జాతి వస్తుందన్నది కూడా కొంతవరకు మనిషి చేతిలోదే. మనౌస్ దగ్గర అడవి కొట్టి వదిలేసిన చోట సెక్రోపియా చెట్లు లేచాయి. కొట్టి, కాల్చి, బీడుగా వాడిన చోట విస్మియా ఆక్రమించి ఏళ్ళ తరబడి కదలలేదు. నిప్పు ఒక్కసారి పడ్డా, అక్కడి ఆకు గుణాన్ని చాలాకాలం శాసిస్తుంది.

ఆసియా అడవుల నుంచి వచ్చిన ఫలితాలు దీనికి మరో కోణం చేరుస్తాయి. మలేషియాలోని సబా రాష్ట్రంలో రాబర్ట్ యూవర్స్ బృందం 2015లో చూపిన దాని ప్రకారం, కలప కొట్టిన అడవిలో ఆకు చివకడం, గింజల చెలామణి వంటి పనుల్లో వెన్నెముక లేని జీవుల వాటా సగం దాకా పడిపోతుంది. ఆ లోటును కొంతవరకు ఇతర జంతువులు పూడుస్తాయి. కాబట్టి మొత్తం వేగం వెంటనే పడిపోదు, కానీ చేసేవారు తగ్గిన చోట ఆ పని పెళుసుగా తయారవుతుంది. ఆ పెళుసుతనం కరవులో బయటపడుతుంది. సబాలోనే మలియావ్ బేసిన్‌లో 2015-16 ఎల్ నినో ఎండల్లో, చెదల్ని తగ్గించిన చోట్లనూ వదిలేసిన చోట్లనూ పోల్చి చూశారు. 2019లో వెలువడిన ఆ ఫలితాల్లో, చెదలున్న చోట కరవులోనూ ఆకు వేగంగా చివికింది, నేలలో తేమ నిలిచింది, మొలకలు ఎక్కువ బతికాయి.

చివకని ఆకు వల్ల కలిగే నష్టం ఎరువుతో ఆగదు. దట్టంగా పేరుకున్న ఎండు తుక్కు కింద చిన్న గింజ మొలవలేదు, మొలిచినా వేరు మట్టిని అందుకోలేదు. రెండోది నిప్పు. అంచున రాలడం ఎక్కువ, ఎండడం త్వరగా, పక్కనే పొలమో రోడ్డో ఉంటుంది. అమెజాన్‌లో కార్చిచ్చు ముక్కల అంచుల నుంచే లోపలికి పాకడం ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా నమోదైంది.

ఈ ఫలితాలను తూర్పు కనుమలకు ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. తెలుగు రాష్ట్రాల అడవి చాలావరకు ఆకురాల్చే ఎండు అడవి: టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, వెదురు. ఇక్కడ ఆకు చివికే పని ఏడాది పొడవునా సాగదు, వానాకాలపు నాలుగైదు నెలల్లోనే చాలావరకు పూర్తి కావాలి. ఆ నెలల్లో నేల తడిగా ఉన్న రోజులే పనిదినాలు. మనౌస్‌లో అంచు పొడితనం లెక్కలోకి రాలేదంటే, అక్కడ వానకు కొదవ లేకపోవడం కారణం కావచ్చు. ఇక్కడ తడిరోజులు పది తగ్గినా ఆ మేరకు పని తగ్గుతుంది.

రెండో తేడా చెదలది. శిలీంధ్రాన్ని సాగు చేసుకునే చెదలు ఆసియా, ఆఫ్రికాల్లోనే ఉన్నాయి, అమెరికా ఖండాల్లో లేవు. అవి కొరికి తెచ్చిన ఎండుటాకుతో పుట్ట లోపల తేనెపట్టులాంటి గూళ్ళు కట్టి, దాని మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. లిగ్నిన్‌ను విరగగొట్టే పని ఆ శిలీంధ్రానిది, మెత్తబడ్డ తిండి చెదలది. వానలు పడ్డాక పుట్టల మీద లేచే తినదగ్గ గొడుగులు ఆ శిలీంధ్రం కాయలే. తెలుగులో పుట్టగొడుగు అన్న మాటలోనే ఈ బంధం ఉంది. ఎండాకాలంలో కూడా పుట్ట లోపల తేమ నిలుస్తుంది గనుక, బయట ఆకు కదలని నెలల్లోనూ అక్కడ పని ఆగదు. ఇక్కడి అడవి ముక్కలో పుట్టల సంఖ్య ఆ నేల ఆరోగ్యానికి కంటికి కనిపించే గుర్తు.

మూడో తేడా నిప్పు. ఇక్కడ ఆకు రాలేది శీతాకాలం చివర్న, వాన వచ్చేది జూన్‌లో. మధ్యలో నాలుగు నెలలు ఎండు తుక్కు నేల మీద ఎదురుచూస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలే ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకును కాల్చి నేల శుభ్రం చేయడం చాలా గూడేల్లో అలవాటు. తునికాకు లేత చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెట్టడమూ ఉంది. ఆకు కాలినప్పుడు దానిలోని నత్రజనిలో ఎక్కువ భాగం గాలిలో కలుస్తుంది. బూడిదలో మిగిలిన కాల్షియం, పొటాషియం వాలు నేలల మీద తొలి వానకే కొట్టుకుపోతాయి. చివికితే నెలల మీద నేలకు అందవలసిన సారం ఒక్క పూటలో చేజారుతుంది.

నాలుగోది, నగరాల్లో చిక్కుకున్న అడవులు. హైదరాబాద్‌లో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు సుమారు 390 ఎకరాల దక్కను అడవి ముక్క, చుట్టూ రోడ్లే. ఇలాంటి చోట్ల, పట్టణ అటవీ పార్కుల్లో ఆకు చెత్త కింద లెక్కకు రావడం మామూలు. ఊడ్చి పోగు చేస్తే అక్కడి చెట్టుకు దాని ఎరువు దక్కదు. పోగును తగలబెడితే పొగ అదనం. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెత్తను బహిరంగంగా తగలబెట్టడాన్ని దేశమంతటా నిషేధించి, 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు పరిహారంగా వసూలు చేయమంది.

ఇక లెక్కల సంగతి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి రెండేళ్ళకోసారి ఇచ్చే నివేదికలో, ఒక హెక్టారుకు తగ్గకుండా, పైకప్పు 10 శాతానికి తగ్గకుండా చెట్లున్న ఏ నేలైనా అటవీ విస్తీర్ణమే. కప్పు 40 శాతం దాటితే ఓ మోస్తరు దట్టం, 70 దాటితే అతి దట్టం. ఈ కొలత ఉపగ్రహం నుంచి, అంటే పైనుంచి. జామాయిలు తోట, మామిడి తోట, నల్లమద్ది అడవి ఒకే గడిలో చేరగలవు. మనౌస్ ప్రయోగంలో అంచు తప్ప మరేమీ లేని అతి చిన్న ముక్క ఎంతో, ఈ నివేదిక అడవిగా లెక్కించే కనీస ముక్కా అంతే: ఒక హెక్టారు. కార్బన్ లెక్క కోసం నివేదిక తుక్కును కూడా ఒక నిల్వగా చూపుతుంది. అయితే నిల్వ ఎంతుందో చెప్పే అంకె, అది ఎంత వేగంగా మట్టి అవుతోందో చెప్పదు. నిల్వ పెరిగిందంటే అడవి బాగా రాలుస్తోందని కావచ్చు, ఆకు చివకడం ఆగిందనీ కావచ్చు.

అటవీ శాఖల చేతిలో ఉన్న పనులు ఈ పరిశీలనల నుంచే తేలుతున్నాయి.

మొదటిది కొలత. శాశ్వత పరిశీలన స్థలాల్లో అంచున కొన్ని, లోపల కొన్ని వల సంచులు పరచి, జూన్ నుంచి డిసెంబరు దాకా నెలనెలా తూచడానికి తక్కెడ, ఆరబెట్టే పెట్టె, బీటు సిబ్బంది చాలు. పక్కనే పుట్టల లెక్క కూడా రాస్తే పురుగుల సంగతీ తెలుస్తుంది.

రెండోది అంచున నాటే జాతులు. ముక్కల చుట్టూ జామాయిలు, సరుగుడు వంటి తోటలకు బదులు ఆ అడవిలోనే పుట్టిన చెట్లు, వాటిలోనూ కానుగ, మోదుగ, ఏగిస వంటి నత్రజని కుటుంబం చెట్లు కలిపి నాటితే, అంచున పడే ఆకు లోపలి ఆకును పోలి ఉంటుంది. ఆనైమలై కొండల్లో వాల్పారై తేయాకు తోటల మధ్య మిగిలిన వానడవి ముక్కల్లో నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ రెండు దశాబ్దాలకు పైగా స్థానిక జాతులనే నాటుతోంది. ఆ అనుభవం అందుబాటులో ఉంది.

మూడోది నిప్పు. ఇప్పచెట్టు కింద పరవడానికి పాత చీరో వలో ఉంటే కాల్చే అవసరం తీరుతుంది, పూలకు మట్టీ అంటదు. వాటిని మార్చికి ముందే గూడేలకు అందించడం కార్చిచ్చు ఆర్పే ఖర్చు కంటే చాలా తక్కువ. నిప్పు పాకకుండా ఆపే ఫైర్ లైన్ల మీద ఆకు తీయక తప్పదు. తీసిన ఆకును అక్కడే తగలబెట్టకుండా లోపలి వైపు నేల మీద పలచగా చల్లడం సాధ్యమే.

నాలుగోది నగర పార్కులు. నడక దారి మీద ఆకును ఊడ్చి, దారి పక్కన చెట్ల మొదళ్ళలోనే పోయడం. లోపలి నేలను అసలు ఊడ్వకపోవడం.

అయిదోది కొలతల కంటే పెద్ద పని: ముక్కల్ని కలపడం. వాగుల వెంట, గట్ల వెంట చెట్ల పట్టీలు నిలిపితే పేడపురుగు దాటలేని 350 మీటర్ల ఖాళీ తగ్గుతుంది. ఎక్కడ కలపాలో, ఏ ముక్క ముందు చివకడం మానేస్తోందో చెప్పేది మొదటి పనిలో తూచిన సంచులే. అందుకే ఈ అయిదింటిలో అది ముందు మొదలు కావాలి, వచ్చే తొలకరికి సంచులు నేల మీద ఉండాలి.